దాచిపెట్టిన కాటు

మొన్న మా చిన్నది స్నానానికి రానని మొండికేసింది. రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లి కాళ్ల మీద నీళ్లు పోస్తే మడమ పైన రెండు ఎర్రటి గీతలు కనిపించాయి. "తీగ గీరుకుంది" అంది, నా మొహంలోకి చూడకుండా. ఆ చూడకపోవడం నాకు బాగా తెలుసు. సబ్బు తీసుకుని పావుగంట సేపు కాలు కడిగి, ఆటో ఎక్కించి జగదల్‌పూర్ ఆస్పత్రికి తీసుకెళ్లాను. సూది కోసం వరసలో కూర్చున్నాక అసలు మాట చెప్పింది. పక్క వీధి కుక్కపిల్లట. చెబితే దాన్ని కొడతారని చెప్పలేదట. కోప్పడదామంటే నాకు నోరు రాలేదు. దాని వయసులో నేను దాచినదానితో పోలిస్తే అది దాచింది ఒక్క పూటే.

అప్పుడు మేం శబరి ఒడ్డున, రాష్ట్రం సరిహద్దులో ఉన్న కోంటాలో ఉండేవాళ్లం. మా తాత భద్రాచలం వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు తెచ్చి అమ్ముకుంటూ, అక్కడి చింతపండు, ఇప్పపువ్వు కొనుక్కుపోతూ, చివరికి ఆ ఊళ్లోనే ఉండిపోయిన మనిషి. ముందుగది దుకాణం, నడిమిది మేం పడుకునేది, వెనకది చింతపండు గది. ఆ గది తలుపు తీస్తే పుల్లటి వాసన మొహానికి తగిలేది. దాని కింద ఇప్పపువ్వు తీపి, ఆ రెండింటి మీద ఎండుచేపల ఘాటు, గోనెసంచుల తడి. ఇప్పటికీ ఏ కిరాణా కొట్లోనైనా అలాంటి వాసన వస్తే కాసేపు నిలబడిపోతాను. నేను ఆ గదిలో దూరి చింతపండు ముద్దలో ఉప్పుకల్లు గుచ్చుకుని చప్పరించేదాన్ని. పట్టుబడితే నానమ్మ చెవి మెలేసేది.

ఆ వానాకాలం మాత్రం ఎవరూ పిల్లల అల్లరిని పట్టించుకునే స్థితిలో లేరు. అడవిలో తుపాకులు మోగుతూ, పై ఊళ్లు ఖాళీ అవుతున్న రోజులవి. తలమీద కుండలు, చంకలో పిల్లలతో జనం నడిచి వచ్చేవాళ్లు. రోడ్డు పక్కన వాళ్ల కోసం పాకలు వేశారు. దాన్ని అందరూ క్యాంపు అనేవాళ్లు. ఎందుకొచ్చారని అడిగితే అమ్మ నోరు మూయించేది. మా ఇంట్లో పెద్దలు మాట్లాడుకోవడానికి మాకు తెలియని భాష మిగల్లేదు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, దుకాణంలో దోర్లీ, గోండి అన్నీ మా చెవిన పడినవే. అందుకని గొంతు తగ్గించేవాళ్లు. మేం దగ్గరికి వస్తే మాట ఆపేసి, వానల గురించి మొదలుపెట్టేవాళ్లు.

నాన్న సంతలకు వెళ్లడం దాదాపు మానేశాడు. ఒకరోజు మాత్రం, ముందే మాటిచ్చిన చింతపండు ఉందని, భేజ్జి వైపు జీపులో వెళ్లాడు. తిరిగి వచ్చేదాకా అమ్మ పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం జీపు ఆగితే, వెనక సీట్లో చింతపండు లేదు. గోనెసంచిలో చుట్టిన ఎర్ర కుక్క ఉంది.

నానమ్మ గడపలోనే నిలబడిపోయింది. "ఏందిరా ఇది? సరుకు తెస్తనని పోయి కుక్కను తెచ్చినవా?"

"దారిలో ఒక ఊరుందమ్మా" అన్నాడు నాన్న. "ఒక్క మనిషి లేడు. పొయ్యిలో బూడిద కూడా తడిసిపోయింది. ఒక ఇంటి వాకిట్లో గుంజకు కట్టేసి ఉందిది. అరవను కూడా అరవలే. వదిలేసి రాలేకపోయిన."

"మనుషులకే దిక్కు లేదు" అంది నానమ్మ.

నాన్న సంచిని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. కుక్కను చింతపండు గది ముందు వసారాలో దింపి, గుంజకు కట్టాడు. ఆ ఊరి వాకిట్లో లాక్కోగా లాక్కోగా పాత తాడు మెడలోకి దిగబడిపోయి ఉంది. చుట్టూరా పచ్చి పుండు, అందులో పురుగులు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను ముందుకు ఒంగితే నాన్న నా భుజం పట్టుకున్నాడు. "నేను చెప్పేదాకా దాని దగ్గరికి పోవద్దు. ఇనబడ్డదా?"

వినబడింది.

వద్దన్న నానమ్మే మర్నాడు పొద్దున కర్పూరం నూరి కొబ్బరినూనెలో కలిపింది. నాన్న దాని మూతికి తువ్వాలు చుట్టి పట్టుకుంటే, నానమ్మ కోడి ఈకతో ఆ నూనె పుండులో పోసింది. పురుగులు పైకి తేలుతుంటే పుల్లతో తీసి బూడిదలో వేసింది. తీసినంతసేపూ కుక్కను తిడుతూనే ఉంది. "ఏ మహాతల్లి కట్టిందో నిన్ను. కట్టేటప్పుడు చేతులెట్లొచ్చినయో." తర్వాత గంజిలో ఉప్పేసి ముందు పెట్టింది. కుక్క మా అందరినీ ఒకసారి చూసి, కళ్లు మూసుకుని తాగింది.

మూడోరోజు మధ్యాహ్నం అమ్మ, నానమ్మ కునుకు తీస్తున్నారు. నాన్న దుకాణంలో ఉన్నాడు. నేను ఎండుచేపల బుట్టలోంచి ఒక తలకాయ దొంగిలించి వసారాలోకి వెళ్లాను. అది నా చేతిలోంచే మెత్తగా అందుకుని తింది. నాకు ధైర్యం వచ్చింది. నానమ్మలాగా నేనూ పుండు చూద్దామని మెడ మీద చెయ్యి వేశాను. నొప్పికి దాని ఒళ్లంతా ఎగిరింది. నేను లేచి పరుగెత్తబోయాను. అది నా పిక్క పట్టుకుని, వెంటనే వదిలేసింది.

కేక వేయకుండా లంగా నోట్లో కుక్కుకున్నాను. పిక్క మీద రెండు చిల్లులు, రక్తం. వంటింట్లోకి వెళ్లి పసుపు అద్ది, లంగా కిందికి దించుకున్నాను. కుక్క గుంజ వెనక్కి వెళ్లి, తల నేలకు ఆనించి నా వైపే చూస్తోంది. తప్పు నాదని మా ఇద్దరికీ తెలుసు. చెబితే దాన్ని ఎక్కడైనా వదిలేసి వస్తారు. రెండు మూడు రోజుల్లో మానిపోతుంది కదా అనుకున్నాను.

మర్నాడు పక్కింటి దర్జీ బాబాయి వచ్చాడు. ఆయనకు ఇద్దరు చంటిపిల్లలు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య వెదురు దడి ఒక్కటే. అరుగు మీద కూర్చుని నానమ్మతో అన్నాడు, "పెద్దమ్మా, ఎవరి కుక్కో ఏందో. మా అన్న ఎట్ల పోయిండో నీకు ఎరికే గదా."

"ఎరికేరా" అంది నానమ్మ.

నాకు తెలియదు. తలుపు వెనక నిలబడి విన్నాను. వాళ్లన్న చిన్నప్పుడు కుక్క కరిస్తే ఇంట్లో చెప్పలేదట. పుండు మానిపోయిందట. అందరూ మరిచిపోయాక ఒకరోజు దాహం అన్నాడట. చెంబు నోటి దగ్గరికి తెస్తే గొంతు పట్టేసిందట. నీళ్ల చప్పుడు వింటే వణికేవాడట. "మూడు దినాలు బతికిండు" అన్నాడు బాబాయి. "మా అమ్మ కుండలన్నీ బయట పెట్టించింది. కరిచిన కుక్కను పదిరోజులు చూడాలంట పెద్దమ్మా. పదిరోజులు మంచిగుంటే భయం లేదంట. అది అప్పుడు మాకు తెల్వదు."

పది రోజులు. అందులో ఒకటి అప్పటికే గడిచింది.

ఆ తర్వాత రోజుల్ని నేను ఎలా గడిపానో ఎవరికీ చెప్పలేదు. తెల్లవారగానే లేచి చెంబుతో నీళ్లు తీసుకుని మొదట కుక్క ముందు పోసేదాన్ని. అది తాగేది. తర్వాత నేను అదే చెంబులో నీళ్లు నింపి, లోపలికి చూసి, నా మొహం కనిపించేదాకా ఆగి, తాగేదాన్ని. మింగుడు పడిందంటే ఇవాళ్టికి ఆ జబ్బు లేదన్నమాట. బడిలో గొంతు ఆరిపోయినా భయమే. అటెండెన్స్ పిలుస్తున్నప్పుడు "హాజిర్" అనేముందు ఒకసారి గుటక వేసి చూసుకునేదాన్ని. బావి దగ్గర చేద నీళ్లలో పడిన చప్పుడుకు ఉలిక్కిపడి, వణికానా, ఉలిక్కిపడ్డానా అని గంటసేపు ఆలోచించాను. అమ్మ నుదురు పట్టి చూసి జ్వరం లేదే అంది.

కుక్క మాత్రం కోలుకుంటోంది. పుండు ఎండింది. నాన్న తాడు విప్పేశాడు. అది మా గడప దాటేది కాదు. ఏదైనా గాడీ చప్పుడైతే గోనెసంచుల వెనక్కి దూరేది. ఒక్కసారి కూడా మొరగలేదు. "మూగదేమో" అంది అమ్మ. బడి నుంచి వచ్చేసరికి తోక నేలకేసి కొడుతూ కూర్చుని ఉండేది. నేను దాని పక్కనే కూర్చునేదాన్ని. కొన్ని రోజుల తర్వాత నా ప్రాణం తీయబోయేది అదేనేమో అనుకుంటూనే దాని చెవులు నిమిరేదాన్ని. దాన్ని తప్ప ఇంకెవరినీ అడగడానికి లేదు.

కరిచిన ఏడో రోజు ఇంట్లో మేక కూర వండారు. నా కంచంలో ముక్కలు దాచి దానికి పెట్టాను.

ఎనిమిదో రోజు పొద్దున చెంబుతో నీళ్లు పోస్తే అది తాగలేదు. మూతి పెట్టింది, వెనక్కి తీసింది. నోటి నుంచి చొంగ తీగలా కారుతోంది. ముందుకాలితో మూతి గీరుకుంటోంది. తల నేలకేసి రుద్దుకుంటోంది. నా చేతిలో చెంబు జారిపడింది.

ఆ చప్పుడుకు దర్జీ బాబాయి దడి మీంచి తొంగిచూశాడు. కాసేపటికి కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన వెనక వీధిలో మరో ఇద్దరు మగవాళ్లు. నాన్న సరుకు కోసం ముందురోజే సుక్మా వెళ్లాడు. ఇంట్లో అమ్మ, నానమ్మ, నేను.

"పెద్దమ్మా, పిల్లను లోపలేసుకో" అన్నాడు బాబాయి. ఆయన గొంతు పెద్దదేమీ కాదు. కర్ర మాత్రం దించలేదు. "దానికి పిచ్చి లేసింది. చూస్తున్నవు గదా."

నానమ్మ కుక్కను చింతపండు గదిలోకి అదిలించి, గొళ్లెం పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడింది. "మావోడు రానీ. వాడు తెచ్చిండు, వాడే చూసుకుంటడు."

"వచ్చేదాకా అది తలుపు బద్దలు కొట్టుకుని బయటికి రాదని ఏంది? నా పిల్లలు పాకేటోళ్లు."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. నానమ్మకూ తెలుసు. ఆమె చెయ్యి గొళ్లెం మీది నుంచి నెమ్మదిగా కిందికి దిగడం చూశాను.  నేను నానమ్మ చీర పట్టుకుని లంగా పైకి లాగాను.

పిక్క మీద రెండు నల్లటి పొక్కులు. నానమ్మ వాటిని చూసింది. నన్ను చూసింది. కొట్టలేదు. తిట్టలేదు.

"ఎప్పుడే?"

"ఎనిమిది రోజులైంది."

 నానమ్మ నన్ను బావి దగ్గరికి ఈడ్చుకెళ్లి, బట్టల సబ్బుతో పొక్కులు ఊడేలా రుద్దింది. చేద మీద చేద తోడి పోసింది. ఆమె చేతులకు అంత బలం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మ పక్కన నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నానమ్మ తడి చీరతోనే వాకిట్లోకి వెళ్లి దర్జీ బాబాయికి చెప్పింది. "కర్ర కింద పెట్టు. నువ్వే అన్నవు గదా పదిరోజులు చూడాలని. అది ఏమైతదో నాకు తెలవాలె. నా మనవరాల్ని కరిచింది."

బాబాయి కర్ర గోడకు ఆనించాడు. నా వైపు ఒకసారి చూసి, ఆ చూపు నిలబెట్టలేక తల తిప్పుకున్నాడు. తర్వాత సైకిల్ తీశాడు. కుక్కకాటు సూది భద్రాచలంలోనే దొరుకుతుందని అందరికీ తెలుసు. దారి ఉందో లేదో చూసి వస్తానని వెళ్లాడు. గంటకు తడిసి ముద్దై తిరిగొచ్చాడు. "శబరి పొంగింది. చింతూరు రోడ్డు మీద నడుములోతు నీళ్లు పెద్దమ్మా. బండ్లన్నీ ఆగిపోయినయి."

మధ్యాహ్నం దాటాక నాన్న వచ్చాడు. అమ్మ చెప్పింది. ఆయన సరుకుల మూట దించకుండా, మూటతో అలాగే నిలబడి విన్నాడు. నా దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని కాలు చూశాడు. "నీళ్లు తాగు" అన్నాడు. చెంబు ఇచ్చాడు. అందరూ నా గొంతునే చూస్తున్నారు. తాగాను. ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. "పొద్దున పడవలోనన్నా సరే పోతున్నం" అన్నాడు అమ్మతో.

అప్పుడే క్యాంపు నుంచి ఒక దోర్ల అవ్వ ఉప్పు కోసం వచ్చింది. వారానికి ఒకసారి వచ్చేది. చీర మోకాళ్ల పైకి కట్టి, చెవి పైభాగమంతా రింగులు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. దుకాణంలో ఎవరూ లేకపోతే మొదటిసారి లోపలికి, వసారా దాకా వచ్చింది. చింతపండు గదిలోంచి కుక్క సన్నగా మూలిగింది.

అవ్వ ఆగిపోయింది. నాలుక అంగిలికి తగిలించి ఒక రకమైన చప్పుడు చేసింది.

లోపల్నుంచి కుక్క మొరిగింది. బొంగురుగా, తడిగా, నొప్పితో. అయినా అది మొరుగే. ఇన్ని రోజుల్లో మేం విన్న మొదటి మొరుగు.

"తలుపు తియ్యి" అంది అవ్వ నాన్నతో.

"వద్దు అవ్వా. దానికి పిచ్చి లేసినట్టుంది. పిల్లను కరిచింది."

"అది నా కుక్క."

"ఎవరిదైతే ఏంది, కరుస్తది."

అవ్వ తలుపు ముందు కూర్చుంది. కొంచెం తెలుగు, కొంచెం దోర్లీ కలిపి నెమ్మదిగా చెప్పింది. "కట్టింది నేనే. పొద్దున ఊరొదిలి పొమ్మన్నరు. మాపటికి తిరిగొస్తం అనుకున్న. ఎనకబడొస్తదని కట్టేసిన. మాపటికి రానియ్యలే. మర్నాడు రానియ్యలే. రోజూ అదే మతికొస్తది నాకు." తలుపు మీద అరచెయ్యి ఆనించింది. "కరిస్తే నన్ను కరవనీ."

నానమ్మ ఆమెకేసి చూసింది. ఏ మహాతల్లి కట్టిందో అని ఇన్ని రోజులుగా తిట్టింది ఈమెనే. లోపలికి వెళ్లి దళసరి గోనెసంచి తెచ్చి అవ్వ చేతికి మోచేతిదాకా చుట్టి, పురికొసతో కట్టింది. నాన్న గొళ్లెం తీశాడు. దర్జీ బాబాయి మళ్లీ కర్ర అందుకున్నాడు. నన్ను అమ్మ వంటింటి గుమ్మం లోపలికి లాక్కుంది. అక్కడి నుంచి నాకు అవ్వ వీపు, కుక్క తోక మాత్రమే కనిపిస్తున్నాయి. తోక నేలకేసి కొట్టుకుంటోంది.

అవ్వ దానితో ఏదో మాట్లాడుతూనే ఉంది. మెడ చుట్టూ మానిన మచ్చ మీద వేలు తిప్పింది. కుక్క తల ఆమె మోకాళ్ల మధ్య పెట్టుకుంది. ఆమె ఒక పుల్ల దాని పళ్ల మధ్య అడ్డంగా పెట్టి, నోరు తెరిచి, వెలుతురు వైపు తిప్పింది.

"చూడు" అంది నాన్నతో.

నాన్న ఒంగి చూశాడు. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది. "కత్తెర తే. కాదు, పటకారు" అన్నాడు బాబాయితో. బాబాయి తన పనిముట్ల డబ్బాలోంచి పటకారు తెచ్చాడు. నాన్న దాన్ని నోట్లోకి పోనిచ్చి, పట్టుకుని, ఒక్కసారి లాగాడు. కుక్క అరిచింది. పటకారులో మేక ఎముక ముక్క ఉంది. అంగిలికి అడ్డంగా, ఇటు దవడ పంటికీ అటు దవడ పంటికీ మధ్య ఇరుక్కుపోయిన ముక్క. నేను దాచి పెట్టిన ముక్క.

అవ్వ గోనెసంచి విప్పేసి దోసిలి పట్టింది. నానమ్మ చెంబుతో నీళ్లు పోసింది. కుక్క ఆ దోసిలిలోంచి ఒక చెంబు, తర్వాత ఇంకో చెంబు తాగింది. నేను వంటింటి గుమ్మం మీద కూర్చుండిపోయి, ఆ గతుకుతున్న చప్పుడు వింటూ బిగ్గరగా ఏడ్చాను.

నాన్న అంతటితో వదల్లేదు. "కుక్క బాగుందని పిల్లను వదిలేస్తనా" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాం. నీళ్లలో మునిగిన రోడ్డు మీద పడవలో, ఆ తర్వాత జీపులో, ఆ తర్వాత బస్సులో. భద్రాచలం చేరేదాకా నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా మణికట్టు మాత్రం వదల్లేదు. సూది వేయించుకుని బయటికి వచ్చాక ఇడ్లీ పెట్టించాడు. నేను తింటుంటే నా వైపు చూడకుండా అన్నాడు, "నన్ను చూసి అంత భయమైందా నీకు?" కాదని చెప్పాను. కుక్కను పంపిస్తారని భయమని చెప్పాను.  ఆయన తన ఇడ్లీ కూడా నా ఆకులోకి జరిపాడు.

మిగిలిన సూదుల కోసం మరికొన్నిసార్లు వెళ్లాం. పదో రోజు గడిచింది. పదకొండో రోజు దర్జీ బాబాయి దడి మీంచి తొంగిచూసి, తోక ఊపుతున్న కుక్కను చాలాసేపు చూసి, వెళ్లిపోయాడు. సాయంత్రం దాని కింద వేయడానికి గుడ్డపీలికలు కుట్టిన బొంత తెచ్చిచ్చాడు.

అవ్వ కుక్కను తీసుకెళ్లలేదు. "మేమే క్యాంపుల పెట్టింది తినాలె, దానికేం పెడత" అంది. ఉప్పుకు వచ్చే మనిషి రోజూ రావడం మొదలుపెట్టింది. మా వసారాలో కూర్చునేది. ఆమె, నానమ్మ చింతగింజలు తీస్తూ తమ పంటల గురించి, కాన్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ ఊరి సంగతి నానమ్మ ఎప్పుడూ అడగలేదు. కుక్క ఇద్దరి మధ్య పడుకునేది. ఎవరిదని అడిగితే, నేను నాది అనేదాన్ని. అవ్వ నవ్వేది.

చాలా రోజులు అలాగే నడిచింది. ఆ తర్వాత ఒక ఎండాకాలం, కొన్ని కుటుంబాలు ఊళ్లకు తిరిగి వెళ్తున్నాయని విన్నాం. అవ్వ ఒక ఉదయం మూటతో వచ్చింది. వసారా అంచున నిలబడింది. అడగడానికి సిగ్గుపడుతోందని నాక్కూడా అర్థమైంది.

"తీసుకుపో" అంది నానమ్మ. అమ్మ అడ్డం చెప్పబోతే చేత్తో ఆపింది. ఎండుచేపలు పొట్లం కట్టి, కర్పూరం నూనె సీసా మూటలో పెట్టింది. నేను కుక్క మెడ పట్టుకుని వదల్లేదు. నాన్న వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. తాడు ఇవ్వనా అని అవ్వను అడిగాడు.

"వద్దు" అంది అవ్వ. "ఇంక కట్టను."

ఆమె నాలుకతో ఆ చప్పుడు చేసి, వెనక్కి చూడకుండా నడిచింది. కుక్క లేచి ఒళ్లు విరుచుకుంది. నా దగ్గరికి వచ్చి లంగా వాసన చూసింది. తర్వాత పరుగున వెళ్లి ఆమె మడమల వెనక చేరింది. అది వెనక్కి తిరిగి చూస్తుందని రోడ్డు మలుపు దాకా నిలబడ్డాను. చూడలేదు. నాకు దాని మీద చాలా రోజులు కోపం ఉండేది.

ఆ ఊరు మళ్లీ నిలబడిందో లేదో మాకు సరిగ్గా ఎప్పటికీ తెలియలేదు. అవ్వ మళ్లీ దుకాణానికి రాలేదు. నేను పెద్దదాన్నయ్యాక, సంతలో ఆ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు కనిపిస్తే అడిగేదాన్ని. ఒకామె, అటువైపు ఇళ్లే లేవు, కుక్కలెక్కడివి అంది. ఇంకొకామె కాసేపు ఆలోచించి, ఆ దారిలో ఒక ఊళ్లో ఇంటికొక ఎర్ర కుక్క ఉంటుందని, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయని చెప్పింది. ఇద్దరిలో ఎవరు ఆ ఊరు చూశారో నేను అడగలేదు. రెండో ఆమె దగ్గర, అవసరం లేకపోయినా, గంపెడు చింతపండు కొన్నాను.